నేల పరుపు మీద ఒక పూట: అరకులో నా భుజం చికిత్స

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగి రెండేళ్ళు దాటినా నా కుడి చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేచేది కాదు. విజయనగరంలో ఒక బాలికల హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయినిని. పిల్లలకి వాలీబాల్ సర్వీసు ఎలా చేయాలో నోటితో చెప్పడమే తప్ప చేసి చూపించలేకపోయేదాన్ని. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామాలు నేర్పింది. కొన్నాళ్ళు చేశాను, స్కూళ్ళు తెరిచాక మానేశాను. పని ఒత్తిడి అని అందరికీ చెప్పాను గానీ అసలు సంగతి వేరు. ఆసుపత్రికి వెళ్తే జాకెట్టు విప్పాలి. ఆ పక్కన డాక్టర్లు తప్ప ఇంకెవరూ చెయ్యి వేయలేదు. నేను కూడా వేయలేదు. స్నానం చేసేటప్పుడు సబ్బు నీళ్ళు పై నుంచి జారిపోనిచ్చేదాన్ని, అంతే.

ఒకరోజు మా సైన్సు టీచరు పద్మజ, అరకులో జమున అని ఒకావిడ థాయ్ మర్దన చేస్తుందని చెప్పింది. "దానికి తోడు ఆటగాళ్ళ కండరాల దెబ్బలకి చేసే వైద్యం కూడా నేర్చుకుందట. రెండూ కలిపి చేస్తుంది. థాయ్ పద్ధతిలో బట్టలు విప్పక్కర్లేదు తెలుసా?" అంది. ఆ చివరి మాట విన్నాకే నేను ఫోన్ నంబరు అడిగాను. జమునకి ఫోన్ చేసి భుజం నొప్పి అని మాత్రం చెప్పి శనివారానికి సమయం తీసుకున్నాను.

విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా బస్సులో వెళ్ళొచ్చు. కానీ సీటు దొరక్కపోతే ఘాట్ రోడ్డంతా పైకడ్డీ పట్టుకుని నిలబడాలి. అది నా వల్ల కాదు. అందుకని తెల్లవారుజామునే కొత్తవలస చేరి, విశాఖ నుంచి వచ్చే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాను. టికెట్టు వంద రూపాయల లోపే. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెట్టారు. బొర్రా దగ్గర సగం పెట్టె ఖాళీ అయింది. కిటికీ పక్కన కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు తింటూ, జమున భుజం గురించి అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. అరకు చేరేసరికి పదకొండు కావస్తోంది.

స్టేషన్ బయట ఆటో మాట్లాడాను. జమున ఇల్లు పాడేరు రోడ్డులో ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండు వందల యాభై అడిగి రెండు వందలకి వచ్చాడు డ్రైవరు.

"జమున దగ్గరికా అమ్మా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ. "మొదట్లో మావోళ్ళందరూ ఏటేటో అనేసుకున్నారు. మసాజు అనీసరికి అద్దిల్లు కూడా ఇవ్వనేదు పాపం. మా ఇంటిదానికి కాఫీ కోతలప్పుడు నడుం పట్టేసింది. తీసుకెల్తే నన్ను గుమ్మం ఎక్కనీనేదు. మగోళ్ళు రోడ్డుమీదే ఉండాలనేసింది. అప్పుడనుకున్నాను, ఇది మంచి సోటేనని."

"మరి మీ ఆవిడకి తగ్గిందా?"

"తగ్గింది. ఇప్పుడు నన్ను కాళ్ళు పట్టమంటంది!" అని నవ్వాడు.

ఇల్లు రోడ్డు కంటే కాస్త కిందికి ఉంది. రెండు గదులు, రేకుల వరండా, వెనక సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. "ఆడవాళ్ళకు మాత్రమే" అని బోర్డు. జమునకి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని ఊళ్ళోనే. విశాఖలో ఒక హోటల్లో పనిచేస్తున్నప్పుడు అక్కడికి వచ్చిన థాయ్ ఉపాధ్యాయిని దగ్గర మర్దన నేర్చుకుందట. తర్వాత బెంగళూరులో క్రీడాకారులకి చికిత్స చేసేచోట మూడేళ్ళు పనిచేసింది. లోపలి గదిలో నేల మీద పలచటి పరుపు, పక్కన ఎత్తైన బల్ల ఉన్నాయి. థాయ్ పని కింద, నూనె పెట్టి కండరాలని పట్టే పని పైన.

"భుజం ఎప్పట్నించి మేడమ్? దెబ్బేదైనా తగిలిందా?" అని అడిగింది.

రైల్లో అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. "ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు" అన్నాను. ఇంత సూటిగా నేనెవరికీ చెప్పి ఎరగను.

ఆమె ముఖంలో జాలి కనిపించలేదు. చిరాకు కనిపించింది.

"ఫోన్లో ఎందుకు సెప్పనేదు మేడమ్? చంకలో గడ్డలు తీసిన చెయ్యి వేరు. గట్టిగా నొక్కితే వాచిపోద్ది, మళ్ళీ తగ్గడం కష్టం. నేను తెలీక లాగేసుంటే ఏటయ్యేది? డాక్టరు సరే అన్నారా?"

అడగలేదన్నాను. "అయితే ఈరోజు కాళ్ళూ, నడుమూ, ఎడంపక్కా చేస్తాను. ఆ చెయ్యి ముట్టుకోను" అంది.

అంత దూరం వచ్చి కాళ్ళు పట్టించుకుని వెళ్ళడమా అనిపించింది. నా ఫిజియోథెరపిస్టుకి ఫోన్ చేస్తానన్నాను. ఇంట్లో సిగ్నల్ లేదు. ఇద్దరం రోడ్డు మీదికి ఎక్కి, మలుపు దగ్గర నిలబడి చేశాం. మూడోసారికి ఆవిడ ఎత్తింది. రెండేళ్ళు కనబడకుండా పోయినందుకు నన్ను నాలుగు చివాట్లు పెట్టి, ఈమధ్య చేయించిన పరీక్షల గురించి, చెయ్యి వాపు గురించి అడిగి, ఫోన్ జమునకివ్వమంది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తేలికగా చేయవచ్చు, ఆ చేతి మీద బరువు వేయకూడదు, చంకలోకి లోతుగా నొక్కకూడదు, వాపు కనిపిస్తే ఆపేయాలి. అదీ ఒప్పందం.

ఆమె ఇచ్చిన వదులు నూలు బట్టలు కట్టుకుని పరుపు మీద పడుకున్నాను. థాయ్ మర్దన పాదాల దగ్గర మొదలవుతుంది. అరచేతులతో, తర్వాత బొటనవేళ్ళతో, కాళ్ళ పొడవునా తన ఒంటి బరువు మెల్లగా ఆనించి వదిలింది. తన మోకాలు ఆసరాగా పెట్టి నా కాలు మడిచి నడుముని తిప్పింది. నొప్పికి, హాయికి మధ్యలో ఉందది. ఎడమ చేతిని తల పైకి చాచి, అది ఎలా కదులుతోందో చూసుకుంది. తర్వాత కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, లాగకుండా, ఉయ్యాలలా ఊపింది. భుజం ఎత్తుకి రాగానే ఆగిపోయింది.

"ఇక్కడ భుజం పట్టేయనేదు అక్కా" అంది. ఎప్పుడు మేడమ్ పోయి అక్క వచ్చిందో నేను గమనించలేదు. "మచ్చ దగ్గర సర్మం ఎముకకి అంటుకుపోయింది. అదే సేతిని కిందికి లాగతంది. సుట్టూ ఎంత సాగదీసినా అక్కడ కదలకపోతే లాభం లేదు. దానికి సెయ్యి సర్మం మీద పడాలి."

"వద్దు" అని లేచి కూర్చున్నాను.

ఆమె బలవంతపెట్టలేదు. "తిందాం రండి" అంది. ఆమె పెద్దమ్మ వరండాలో అన్నం, చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి వడ్డించింది. చికిత్సకి వచ్చినవాళ్ళకి భోజనం ఎనభై రూపాయలు. పెద్దావిడ నా ఆకులో ఇంకో గరిటె కూర వేస్తూ, "మా సెల్లికి కూడా తీసేసినారమ్మా. సీర కప్పుకునే ఉండీది, మొగుడికి కూడా సూపించీది కాదు" అంది. ఆ చెల్లెలు జమున తల్లి. ఇప్పుడు లేదు.

నేను జమున వైపు చూశాను. ఆమె మజ్జిగ కలుపుకుంటోంది. "అమ్మకి ఏటీ సెయ్యనేకపోయాను. అప్పటికి నాకేటీ తెల్దు" అంది, మామూలుగా.

తిన్నాక కాసేపు ఆగి లోపలికి వెళ్ళాం. "నా చెయ్యి పెట్టుకుంటాను. నీ చెయ్యి దానిమీద పెట్టు" అన్నాను. ఆమె సరేనంది. చొక్కా కింద నుంచి నా ఎడమ అరచెయ్యిని మచ్చ మీద పెట్టుకున్నాను. నేననుకున్నట్టు గరుకుగా లేదు. నునుపుగా, కాస్త చల్లగా ఉంది. కొన్నిచోట్ల స్పర్శ లేదు, కొన్నిచోట్ల మరీ ఎక్కువుంది. ఆమె నా వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి, చర్మాన్ని అంగుళంలో సగం కూడా కాదు, పక్కకి జరిపి ఆగింది. మళ్ళీ జరిపింది.

"ఏడుపొస్తే ఏడ్సీ అక్కా. ఊపిరి మాత్రం బిగపట్టకు."

ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఒక దశలో నా చెయ్యి నేనే తీసేశాను. ఆమె తన చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని, ఆ పని తానే కొనసాగించింది. తర్వాత నా కుడి మోచేతిని పట్టుకుని, తనని మెల్లగా తొయ్యమంది. తోసి వదిలిన ప్రతిసారీ చెయ్యి కాస్త పైకి వెళ్ళింది. చివరికి నా మోచెయ్యి చెవి ఎత్తుకి వచ్చింది. తల పైకి కాదు, చెవి ఎత్తుకే. "ఈరోజుకి సాలు" అని ఆమే ఆపేసింది.

మొత్తం పద్దెనిమిది వందలు తీసుకుంది. తిరుగు ప్యాసింజర్ వెళ్ళిపోయింది కాబట్టి అనంతగిరి మీదుగా సాయంత్రం బస్సులో దిగాను. సీటు దొరికింది. మర్నాడు ఒళ్ళంతా నొప్పి, చెయ్యి మాత్రం వాయలేదు. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాను. ఫిజియోథెరపిస్టు దగ్గరికీ వెళ్తున్నాను. చెయ్యి పూర్తిగా రాలేదు, వస్తుందో లేదో ఇద్దరూ చెప్పడం లేదు. కానీ జడ నేనే వేసుకుంటున్నాను.

రెండు పద్ధతుల్లో ఏది పనిచేసిందని పద్మజ అడిగింది. నాకు తెలిసినంతలో, బట్టలతో చేసే థాయ్ మర్దన లేకపోతే నేను ఆ గుమ్మం ఎక్కేదాన్నే కాదు. చర్మం మీద చేసే చికిత్స లేకపోతే ఎక్కి ప్రయోజనం ఉండేది కాదు. మొదటిదాని వల్ల నేను ఇంకొకరి చేతికి అలవాటు పడ్డాను. అది జరగడానికి ఒక పూట పట్టింది, ఆ పూట దాకా రావడానికి రెండేళ్ళు పట్టింది.

మీలో ఎవరైనా నాలాంటి ఆపరేషన్ తర్వాత ఇలాంటి చోటికి వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. ముందు డాక్టరుని అడగండి. ఆ తర్వాత మర్దన చేసే ఆవిడకి ఏం తీసేశారో, ఏ పక్కో, ఫోన్లోనే చెప్పేయండి. సిగ్గనిపించినా ఫర్వాలేదు, ఫోన్లో ఆవిడకి మీ ముఖం కనబడదు.