పసుపు పాటను సరిదిద్దిన పెద్దమ్మ

ఆర్మూర్‌లో ప్రైమరీ స్కూలు టీచరుగా చేరిన రెండో ఏడాది నన్ను మా ఊరి జానపద సంఘంలో కలుపుకున్నారు. నాకు పాట రాదు. ఆడమంటే ఎడమకాలు ముందా, కుడికాలు ముందా అని ఆలోచించేలోపు చరణం అయిపోయేది. వాళ్లకు నచ్చింది నా చేతిరాత. పాటలన్నీ నోట్‌బుక్కులో గుండ్రంగా రాసిపెట్టే మనిషి కావాలని సంఘం అధ్యక్షుడు మా ఇంటికొచ్చి మా అమ్మను అడిగాడు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా అంత మర్యాదగా అడగలేదు.

"పాటలు రాసుడేనా? ఎగురుడు గిట్ల ఉండదు గద సారూ?" అంది మా అమ్మ.

"ఉండదమ్మా. నాది జిమ్మేదారి," అన్నాడాయన. ఆ మాట ఎన్నాళ్లో నిలబడలేదు.

అధ్యక్షుడు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఊళ్లో సగం మందిని ఎండలో పరుగెత్తించిన మనిషి. ఉద్యోగం పోయినా మెడలోని విజిల్ పోలేదు. పాట మొదలు పెట్టాలన్నా విజిలే, ఆపాలన్నా విజిలే. కోలాటంలో ఎవరైనా తప్పు అడుగేస్తే పొట్టిగా రెండుసార్లు ఊదేవాడు. డోలక్ వాయించేది బస్టాండు దగ్గరి దర్జీ. మిషను తొక్కితొక్కి ఆయన ఒంట్లో ఒకటే వేగం ఉండిపోయింది. లాలిపాట ఎత్తుకున్నా పెళ్లిళ్ల కాలంలో జాకెట్లు కుట్టినట్టే వాయించేవాడు. మిగిలిన అయిదారుగురు కోరస్ పాడి, కోలలు కొట్టేవాళ్లు. అందరూ మగవాళ్లే. అది ఎనభైల నడిమి కాలం.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత పసుపు గోదాములో కలిసేవాళ్లం. బస్తాలు ఖాళీ చేసినా పసుపు దుమ్ము మాత్రం గోడల్లోనే ఉండేది. కోలాటం మొదలై నేల అదిరిందంటే ఆ దుమ్మంతా లేచేది. అందుకని మా పాటలకు పల్లవి, చరణం, తుమ్ము అని మూడు భాగాలుండేవి. తెల్ల చీర కట్టుకుని పోతే లేత పసుపు చీరతో ఇంటికి వచ్చేదాన్ని.

ఆ వేసవిలో మార్కెట్ యార్డులో కచేరీ పెట్టాలని సంఘం తీర్మానించింది. పసుపు బాగా వస్తున్న రోజులు. చుట్టుపక్కల ఊళ్ల రైతులుంటారు, కూలీలుంటారు. జనాన్ని వేరే పిలవక్కర్లేదు. మాస్టారు ఆ సందర్భానికి స్వయంగా పసుపు పాట ఒకటి రాశాడు. నాలుగు పేజీల పాట. దాన్ని నేనే ఎర్ర సిరా, నీలి సిరా మార్చి మార్చి సాపు చేశాను.

సాయంత్రం ఎండ తగ్గాక ట్రాక్టర్ ట్రాలీనే వేదిక చేసుకుని ఎక్కాం. ముందు వరుసలో ముఖ్య అతిథి కూర్చున్నాడు. ఆయన యార్డులో పెద్ద దుకాణమున్న వ్యాపారి. ఆయన వెనక రైతులు, వాళ్ల వెనక కుప్పల మీద, బస్తాల మీద పసుపు ఏరే ఆడవాళ్లు. మాస్టారు విజిల్ ఊది, మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"పచ్చపచ్చని తోటలోన పసుపు తవ్వే పడతులారా..."

రెండో సారి ఆ పాదం పాడేసరికి వెనక నుంచి నవ్వు వినిపించింది. ముందు ఒకరు, తర్వాత పదిమంది. కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు గాని నవ్వు ఆగడం లేదు. మాస్టారు కళ్లు తెరిచి పొట్టిగా రెండుసార్లు విజిల్ ఊదాడు. నవ్వు ఇంకా పెరిగింది.

అప్పుడు ఒకామె బస్తా మీద నుంచి లేచింది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. కూలీల గుంపుకు ఆమే పెద్ద. పొలంలో పసుపు తవ్వే పని మొదలు యార్డులో ఏరే పని దాకా ఎవరు ఎక్కడికి పోవాలో ఆమే చెప్పేది. చిన్నాపెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు.

"ఓ సారూ, జర ఆగుండ్రి. పచ్చగున్నప్పుడు పసుపు ఎవలు తవ్వుతరు? ఆకు ఎండాలె, కోసెయ్యాలె, గప్పుడు తవ్వాలె. పచ్చటి తోటల గడ్డపార ఏస్తే రైతు మిమ్ముల బతకనిస్తడా?"

రైతులు కూడా నవ్వారు. మాస్టారు మైకులోనే జవాబు చెప్పాడు.

"అమ్మా, గది కవిత్వం."

"కవిత్వమైతే ఏంది సారూ, పసుపు పసుపే గద!"

మిగతా మూడున్నర పేజీలు ఆ రోజు ఎవరూ వినలేదు. పాట అయిపోయిందని తెలియక దర్జీ మాత్రం కాసేపు డోలక్ వాయిస్తూనే ఉన్నాడు.

మాస్టారు ఇక సంఘం మూసేస్తాడనుకున్నాను. వారం రోజులు ఎవరికీ కనబడలేదు. ఆదివారం పొద్దున మా గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, నోట్‌బుక్కు పట్టుకో. మనం బడికి పోతున్నం," అన్నాడు.

"ఇయ్యాల ఐతారం గద సార్."

"మనకు సదువు చెప్పే బడికి."

ఊరి చివర కల్లంలో ఆరబోసిన పసుపు దగ్గర పెద్దమ్మ గుంపు కూర్చుని కొమ్ములు వేరు, దుంపలు వేరు చేస్తోంది. మాస్టారు చెప్పులు విడిచి, ఎదురుగా నిలబడి, అసలు పసుపు పాట నేర్పమని అడిగాడు. అంతమందిని బెదిరించిన గొంతు ఆ రోజు ఎంత మెత్తగా ఉందంటే పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

పెద్దమ్మ చేటలో నుంచి తల ఎత్తలేదు. "ఉత్తగ నిలబడి అడిగితే పాట వస్తదా సారూ? చేతుల పని ఉంటెనే నోట్ల పాట వస్తది. కూసోండ్రి ఇద్దరు."

కూర్చున్నాం. మా ఇద్దరికీ చెరొక కుప్ప తోసింది. నేను ఒక కొమ్ము ఏరేలోపు పక్కామె పది ఏరేది. మాస్టారు ఏరినవన్నీ పెద్దమ్మ మళ్లీ ఏరింది. కాసేపటికి ఆమె ఏదో సన్నగా అందుకుంది, గుంపంతా పలికింది. నేను గబగబా పెన్ను తీశాను. పసుపు వేళ్లతో పేజీ తిప్పేసరికి కాగితం అంతా మరకలు. రాసింది మళ్లీ చదివి వినిపిస్తే పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు బిడ్డా."

"ఇప్పుడే గదా పెద్దమ్మా నువ్వు గట్లనే పాడినవు!"

"గప్పుడు నీడ ఉండె. ఇప్పుడు ఎండొచ్చింది. పాట మారదా?"

నిజంగానే మారింది. మరుసటి చరణంలో ఎండ వచ్చింది. ఆ తర్వాతి చరణంలో మెడలో పీకె, అంటే ఆ విజిలే, వేసుకుని పసుపు ఏరే సారు వచ్చాడు. ఆ పైన, ఒక కొమ్ము ఏరి నాలుగు వరుసలు రాసే టీచరమ్మ వచ్చింది. గుంపంతా నన్ను చూసి నవ్వుతూ ఆ పాదాన్ని మూడుసార్లు పాడింది. నా గురించి నేనే రాసుకోవాల్సి వచ్చింది, అదీ గుండ్రటి అక్షరాలతో.

ఆ రోజు చేతులకు, మోచేతులకు అంటిన రంగు ఎంత రుద్దినా పోలేదు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "పెండ్లి కాని పిల్లవు, ఒళ్లంత పసుపు పూసుకొని తిరుగుతున్నవు. పెండ్లెప్పుడని వాడంత నన్నే అడుగుతున్నరే!" బడిలో పిల్లలు ఇంకా నయం. వాళ్లు అడగలేదు, నేరుగా పప్పన్నం ఎప్పుడన్నారు.

నాలుగు ఆదివారాలు అలా ఏరాక, యార్డులో మళ్లీ కచేరీ పెడదాం, మీరే పాడాలని మాస్టారు అడిగాడు. పెద్దమ్మ ఒప్పుకుంది గాని మూడు షరతులు పెట్టింది. ట్రాలీ ఎక్కేది లేదు. పాట ముందే కాగితం మీద రాసేది లేదు. విజిల్ ఊదేది లేదు. మొదటి రెండింటికీ మాస్టారు వెంటనే సరేనన్నాడు. మూడో దానికి కాసేపు ఆలోచించి, విజిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర ఉండనియ్యి టీచరమ్మా. నేను అడిగినా ఇయ్యకు."

రెండో కచేరీకి యార్డు నిండిపోయింది. మొదటిసారి జరిగింది ఊరంతా పాకింది మరి. ఆడవాళ్లు నేల మీదే గుండ్రంగా నిలబడ్డారు. మగవాళ్లు ట్రాలీ మీద డోలక్‌తో, మైకుతో మిగిలారు. మైకు తీగ కింది దాకా రాలేదు. పెద్దమ్మ దాని వంక చూడనైనా చూడలేదు. చప్పట్లు మొదలయ్యాయి, గొంతులు లేచాయి. మైకు లేకున్నా చివరి బస్తా మీది మనిషికి కూడా వినిపించింది. దర్జీ ఆ చప్పట్లతో కలవాలని తంటాలు పడి, కుదరక, డోలక్ మెడకు తగిలించుకుని కిందికి దూకాడు. నా ఎరుకలో ఆయన మెల్లగా వాయించింది ఆ రోజే. ఒక్కొక్కరే దిగారు. చివరికి ట్రాలీ మీద మైకు ఒక్కటే నిలబడి ఉంది.

ముందు పసుపు తవ్విన పాట, ఉడకబెట్టిన పాట అయ్యాయి. తర్వాత పెద్దమ్మ ముఖ్య అతిథి వైపు తిరిగింది. అదే వ్యాపారి. ఆయన దుకాణం ముందు కూలీల కోసం నీళ్ల కుండ ఉండేది. ఎవరూ ఎత్తుకుపోకుండా గ్లాసుకు గొలుసు కట్టించాడు. ఆ గొలుసు జానెడు. నీళ్లు తాగాలంటే కుండకు దండం పెట్టినట్టు వంగాలి.

"కుక్కకు గొలుసేస్తిరి, కరుస్తదంటిరి
ఎద్దుకు పలుపేస్తిరి, ఉరుకుతదంటిరి
గీ గిలాస ఎవల్ని కరిచిందో సేటూ
గీ గిలాస ఏడికి ఉరికిందో!"

యార్డు యార్డంతా ఒక్కసారి గొల్లుమంది. సేటు ముఖం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతాడేమోనని మాస్టారు చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడ విజిల్ లేదు. సేటు చుట్టూ చూశాడు. అందరూ నవ్వుతున్నారు, ఆయన దుకాణం గుమాస్తాతో సహా. చివరికి ఆయనా నవ్వాడు. "సూస్త పెద్దమ్మా, రేపే సూస్త!"

ఆ నవ్వుల్లోనే ఎవరో నా చెయ్యి పట్టి వలయంలోకి లాగారు. నేను తల వంచుకుని కాళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. పెద్దమ్మ నా గడ్డం పైకెత్తింది. "కాళ్లు సూడకు బిడ్డా. ఎదురుంగున్నామె మొకం సూడు. కాళ్లు అవ్వే వస్తయి."

చూశాను. రెండు చుట్లు తిరిగేసరికి వచ్చాయి. పూర్తిగా కాదు గాని వచ్చాయి. చూసే జనంలో మా అమ్మ కూడా ఉందని ఆట అయ్యాక గాని నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక ఏమంటుందో అని భయపడ్డాను. ఆమె అన్నం పెడుతూ, "ఎడమ పక్క తిరిగేటప్పుడు నడుం వంచాలె. గంత కట్టె లెక్క నిలబడితే ఎట్ల?" అంది. తర్వాతి ఆదివారం తనూ గోదాముకు వచ్చింది.

సేటు మాట నిలబెట్టుకున్నాడు, తన పద్ధతిలో. గొలుసు తీయలేదు, మూరెడు చేశాడు. పెద్దమ్మ దాని మీద ఇంకో చరణం కట్టింది. దాంతో విసిగి గొలుసు ఊడదీయించాడు. మూడో రోజుకు గ్లాసు మాయమైంది. ఇప్పుడేమంటావన్నట్టు సేటు మా తర్వాతి కార్యక్రమానికి వచ్చి కూర్చున్నాడు. పెద్దమ్మ తన గుంపునే వరసగా చూస్తూ, గ్లాసు ఎవరింట్లో ఏ ఉట్టి మీద కూర్చుందోనని పాడింది. సేటు ఎంత సంబరపడ్డాడంటే మా అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

ఆ తర్వాత పెద్దమ్మ గుంపూ మాతో కలిసింది, మా సంఘానికి జానపదం నిజంగా వచ్చింది. పెళ్లిళ్లకు పిలిచారు, బతుకమ్మకు పిలిచారు, క్రిస్మస్‌కు కూలీల వాడలోని చర్చి ముందు ఆడమన్నారు. ముప్కాల్ దాకా, మెండోర దాకా ట్రాక్టర్లో పోయేవాళ్లం. పాటలు రాసే పని నాకు తగ్గింది. మాస్టారు మాత్రం పసుపు మీద ఇంకెప్పుడూ కవిత్వం రాయలేదు. రాసిన ఏ పాటనైనా ముందు పెద్దమ్మకు వినిపించేవాడు. ఆమె కొమ్ములు ఏరినట్టే మాటలు ఏరేది.

తొంభైలు వచ్చాక ఒకసారి హైదరాబాద్ నుంచి జానపదాల మీద పరిశోధన చేసే ఒకాయన టేప్ రికార్డర్ పట్టుకుని వచ్చాడు. అప్పటికి పెద్దమ్మ పనికి పోవడం మానేసింది. చూపు కొంచెం తగ్గింది. గోదాములో చాప మీద కూర్చోబెట్టి పాడించాం. ఆయన తల ఊపుతూ విని, వినయంగా అడిగాడు.

"అమ్మా, ఈ పాట ఎన్నేళ్ల నాటిది?"

"గిప్పుడే గద బిడ్డా పుట్టింది. ఇంకా బొడ్డు కూడా ఊడలే."

ఆయన పెన్ను ఆగిపోయింది. పాత పాట కోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషి. మాస్టారు ఆయన భుజం తట్టి, ఒక కుప్ప పసుపు తెప్పించి ముందు పోయించాడు. "కూసోండ్రి. చేతులు జర పసుపు కానియ్యిండ్రి," అన్నాడు. ఆయన చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. గంట గడిచేసరికి ఆయన కళ్లజోడు, ఆయన టేపు, ఆయన బూట్లు అన్నీ పాటలోకి వచ్చేశాయి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోబోయి చెంపలకు పసుపు పూసుకున్నాడు.

వెళ్లే ముందు టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. మాలో ఎవరికీ తమ గొంతు తాము వినే అలవాటు లేదు. మా నవ్వులు, దర్జీ డోలక్, ఎవరిదో తుమ్ము వినిపించాయి. వాటి మధ్య పెద్దమ్మ పాట. ఆమె చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకుని చివరిదాకా కదలకుండా విన్నది. తర్వాత నా వైపు వంగి మెల్లగా అంది.

"ఎవలో గాని, మంచిగ పాడుతున్నది. ఏ ఊరామె బిడ్డా?"

అది నువ్వే పెద్దమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. మళ్లీ వేయమంది. మళ్లీ వేశారు.