నాలుగు చక్రాలూ కలిసి తిరిగేదాకా

మా గ్రంథాలయంలో యుద్ధాల గురించి ఒక అల్మారా నిండా పుస్తకాలున్నాయి. దాదాపు అన్నీ చదివాను. వాటిలో సేనాపతులున్నారు, పటాలున్నాయి, ఏ గుట్ట ఎవరు గెలిచారో ఉంది. బండి దిగబడితే దాని కింద పడుకుని పానా తిప్పినవాడు మాత్రం ఎక్కడా లేడు. నేను ఆ పని చేసినవాణ్ని. ఫౌజులో డ్రైవర్ మెకానిక్‌ని. రిటైరయ్యాక చేసిన డ్యూటీ గురించైతే అసలే ఎవరూ రాయరు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పోస్టింగ్: సిద్దిపేటలో మా ఇంటి వెనక ఖాళీ జాగా. మే నెల. పైన రేకులు, రేకుల కింద నిప్పు. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి జీపును ఈడ్చుకొచ్చారు. పాత డీజిల్ బండి. ఒకప్పుడు నంగునూరు దారిలో ప్యాసింజర్లను తిప్పింది. తర్వాత మా బామ్మర్ది పొలం దగ్గర కోళ్లకు ఇల్లయింది. సీటు కింద రెండు గుడ్లు దొరికాయి.

మా ఆవిడ గుడ్లు తీసి కొంగులో వేసుకుంది. "రిటైరైనంక మనిషి జర కూసుంటడంటరు. నువ్వు మల్ల బండి కిందికే పోతున్నవా అయ్యా?"

"ఆపరేటర్ కోసం" అన్నాను.

ఆమె లోపలికి పోయింది. చాయ్ తెచ్చింది.

ఆపరేటర్ అంటే మా యూనిట్ రేడియో ఆపరేటర్. మంచుకొండ మీద ఒకే బంకరులో ఉన్నాం. నాకంటే చిన్నవాడు. ఇప్పటికీ నన్ను ఉస్తాద్ అంటాడు. వాళ్ల ఊరు నంగునూరు దిక్కు, వాగుకు అవతల. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు సిద్దిపేట దవాఖానకు వచ్చి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వానాకాలం వాగు మీది దారి మునుగుతుంది. ఆటో రాదు. అంబులెన్సు ఇవతలి గడ్డ మీదే ఆగుతుంది. పోయినేడు ట్రాక్టర్ మీద దాటించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కుదుపులకు చేతికి సూది గుచ్చినచోట నెత్తురు మొదలైంది, ఆగలేదు. బతికాడు, అంతే.

టౌన్లో కిరాయికి ఉండమంటే వినడు. "బర్లను ఎవడు చూస్తడు ఉస్తాద్? నువ్వొస్తవా పాలు పిండనీకి?" అన్నాడు ఫోన్లో.

నాకు నేనే ఆర్డర్ ఇచ్చుకున్నాను. మృగశిర కార్తెకు ముందే బండి వాగు దాటాలి.

రోజూ అయిదింటికి పని మొదలు. పదకొండు దాటితే పానా ముట్టుకోలేం, చేతులు కాలుతాయి. ట్యాంకు తుప్పు కడిగాను. బ్రేకు పైపులు మార్చాను. ఇరుసులు గాలి పీల్చుకునే చిన్న రంధ్రాలుంటాయి. వాటికి రబ్బరు గొట్టాలు తొడిగి ఎత్తుకు తెచ్చాను, వాగులో నీళ్లు లోపలికి పోకుండా. గ్రంథాలయం నుంచి మోటారు పుస్తకం తెచ్చాను. దానికి గ్రీజు అంటకూడదని మా ఆవిడ అద్దాలు పెట్టుకుని పైకి చదివేది, నేను కింద పడుకుని వినేవాణ్ని. నడుము లేచేది కాదు. మోకాళ్లు కొండ మీదే సగం పోయాయి.

వెల్డింగ్ పనికి సాదిక్ భాయ్ వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. "ఫౌజీ సాబ్, ఇది జీపు కాదు. మ్యూజియం. టికెట్ పెట్టున్రి." నవ్వుతూనే ఛాసిస్ కింద దూరాడు.

ప్యాసింజర్ జీపులకు మా దిక్కు ఒక అలవాటుండేది. ముందు చక్రాలను తిప్పే షాఫ్టు విప్పి పక్కన పడేసేవాళ్లు, డీజిల్ మిగులుతుందని. ఈ బండి షాఫ్టు కూడా గోనెసంచిలో కట్టి ఉంది. కడిగి బిగించాను. ట్రయల్‌కు ఊరి బయట తారురోడ్డు మీదికి తీశాను. నాలుగు చక్రాల లివర్ వేశాను. కొద్ది దూరానికే బండి తనతో తనే కొట్లాడుతున్నట్టు బిగుసుకుపోయింది. ముందు టైర్లు రోడ్డును గీరాయి. లివర్ బయటికి రాలేదు. రివర్సులో వెనక్కి నడిపితే గానీ ఊడలేదు.

టైర్లు చూశాను. నాలుగూ ఒకే సైజు, ఒకే గాలి. ఇంటికొచ్చి బండిని దిమ్మెల మీద ఎత్తి, షాఫ్టులకు సుద్దముక్కతో గీతలు పెట్టాను. చక్రాలను ఒక చుట్టు తిప్పితే ముందు షాఫ్టు అయిదు చుట్లు దాటింది. వెనకది అయిదుకు చేరనే లేదు. రెండూ సమానంగా తిరగాలి. అంటే వెనక ఇరుసు ఈ బండిది కాదు. ఎప్పుడో అసలుది విరిగితే స్క్రాపులో దొరికినదాన్ని బిగించారు. రెండు చక్రాలతో నడిచినన్నాళ్లూ తేడా ఎవరికీ తెలియలేదు. వాగులో తెలిసేది, నడుమ నీళ్లలో.

సాదిక్ భాయ్ తల పట్టుకున్నాడు. "ముందటిది హైదరాబాద్ పోతా అంటది, వెనకది కరీంనగర్ పోతా అంటది. నడుమ మనం సచ్చినం."

పాత ఇనుము దుకాణాలన్నీ ఇద్దరం తిరిగాం. సుద్దముక్క జేబులో పెట్టుకుని ప్రతి ఇరుసునూ తిప్పి చూశాం. మృగశిర దాటింది. మొదటి వానలు పడ్డాయి. ఆపరేటర్ మోటారుసైకిల్ వెనక కూర్చుని వస్తున్నాడు. ముఖం ఉబ్బింది. చివరికి తొగుట దిక్కు ఒక షెడ్డు వెనక లెక్క కుదిరిన ఇరుసు దొరికింది. వానలోనే బిగించాం.

ఆ వారంలోనే, పొద్దున ఆరింటికి ఫోను.

"ఉస్తాద్, వాగొచ్చింది. మోకాలు దాటింది. ఓవర్."

"నువ్వు కదలకు. వస్తున్న. ఓవర్."

"కదిలేటట్టుంటే నిన్నెందుకు పిలుస్త?" అన్నాడు. గొంతులో ఆయాసం వినిపించింది.

గడ్డ మీద ఆగాను. ఎర్రనీళ్లు. దారి అంచు కనిపించడం లేదు. నీళ్లలోకి బండి దింపే ముందు ఒక మనిషి ముందు నడవాలన్నది ఫౌజు నియమం. నేను దిగబోతుంటే అవతల నుంచి ఆపరేటర్ భార్య కర్ర పట్టుకుని నీళ్లలోకి దిగింది.

"అమ్మా, ఆగు! రాకు!" అరిచాను.

"నువ్వు బండి నడుపు అన్నా! దారి నాకెరుకే! రోజు బర్లను తోలేదాన్ని నేనే!"

నా దగ్గరికి వచ్చింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. నేను వెనకే, మొదటి గేరులో. ఆపరేటర్‌ను ఎక్కించుకున్నాక మళ్లీ తనే ముందు. నడుమ దారి కోసుకుపోయి గుంట పడింది. వెనక చక్రాలు దిగి వట్టిగా తిరిగాయి. ముందు చక్రాలు పట్టుకున్నాయి. బండి మెల్లగా పైకి వచ్చింది. ఆపరేటర్ నా భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు. ఎనిమిదిన్నరకు మిషను మీద పడుకున్నాడు. సాయంత్రం నీళ్లు తగ్గాయి, ఇంటి దగ్గర దింపి వచ్చాను. చేతి కట్టు పొడిగానే ఉంది.

ఆ వానాకాలమంతా ఆ బండే తిరిగింది. ఆపరేటర్ ఇప్పటికీ దవాఖానకు వస్తున్నాడు. వాగు మీద వంతెన ఇంకా లేదు. నేను అలసిపోయాను. జీపు మాత్రం స్టార్టవుతుంది.

వెల్డర్ సాదిక్ భాయ్‌కి, గొలుసు కట్టి బండి తెచ్చిన బామ్మర్ది శ్రీశైలానికి, గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం రామచంద్రం సారుకు, పైకి చదివిన నా భార్య సుజాతకు, బతికి ఉన్నందుకు మా ఆపరేటర్ రాజయ్యకు నా కృతజ్ఞతలు.

రాజయ్య భార్య కనకవ్వకు ఎలా చెప్పాలో తెలియదు. కళ్లు మూస్తే ఆమె వీపే కనిపిస్తుంది. చీర మోకాళ్ల మీదికి దోపి, ఎర్రనీళ్ల నడుమ, కర్రతో ముందు నేల పొడిచి చూసి, ఒక్క అడుగు వేసి, వెనక్కి తిరగకుండానే రమ్మని చెయ్యి ఊపేది.