కోరుట్లలో దొరికిన దేవుడు

మా మేనత్త పోయిందన్న కబురు అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. నేను సిరిసిల్లలో టీచరును, బడికి తయారవుతున్నాను. ఫోన్ చేసింది కోరుట్ల నుంచి ఆమె కొడుకు. "అమ్మ పోయింది. మామకు మెల్లగ చెప్పు" అన్నాడు. మామంటే మా బాపు. ఆ ఆదివారమే వెళ్ళి ఆమెను క్షమించమని అడగాలనుకున్నాను. ఇంకో రెండు రోజులు ఆమెకు లేకపోయాయి. అంతకు ముందు పదిహేను రోజులు నాకున్నాయి, నేనే వెళ్ళలేదు.

మాది జగిత్యాలలో కథోలిక కుటుంబం. మా బాపు ఉపదేశి, అంటే ఫాదర్ రాలేని ఊళ్ళల్లో ప్రార్థనలు నడిపించేవాడు. అలాంటి మనిషి చెల్లెలికి కోరుట్లలో ప్రొటెస్టెంటుల సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు ఆమె మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలన్నారు. చిన్నప్పుడిచ్చిన జ్ఞానస్నానం ఏం పాడైందని మళ్ళీ నీళ్ళలో ముంచుతారని బాపు నెల రోజులు మూతి ముడుచుకున్నాడట. పెళ్ళికైతే వెళ్ళాడు గానీ వాళ్ళ చర్చి గడప తొక్కలేదు. బయట షామియానా కింద కూర్చుని, అన్నం తిని, బస్సెక్కాడు. ఆ తర్వాత కూడా అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలున్నాయి, పండుగకు చీరలున్నాయి. గుడి మాట వస్తే మాత్రం ఇద్దరిలో ఒకరు లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళేవారు.

బడి సెలవుల్లో నేను కోరుట్లలోనే ఉండేదాన్ని. అత్తమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. చేతులు ఆకు మడుస్తుంటే నోరు ప్రార్థన చేసేది. మా ఇంట్లోలాగ కంఠతా వచ్చిన జపం కాదు, ఎదురింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడేది. మొదటి పేరు మా బాపుదే. ఆయన మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి ఆయన కోపం దాకా అన్నీ దేవుడికి విన్నవించేది. పుస్తకం లేకుండా ప్రార్థనేంటని నేను పెద్దమనిషిలాగ అడిగితే నవ్వింది. "కడుపు నొస్తే డాక్టరుకు పుస్తకం చూసి చెప్తవా?" అంది. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన, "మాటలు దొరకని రోజు గూడ ఉంటది బిడ్డా, గందుకే పుస్తకం" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏటా మా నానమ్మ పేరు మీద జగిత్యాల గుడిలో పూజ చెప్పించేవాళ్ళం. అత్తమ్మ తప్పకుండా వచ్చేది. ఆఖరి వరుసలో కూర్చునేది. అందరూ సత్ప్రసాదం, అంటే ఫాదర్ కథోలికులకు మాత్రమే ఇచ్చే అప్పం, తీసుకోవడానికి లేస్తే తాను లేచేది కాదు. వెళ్ళేవాళ్ళకు దారి ఇవ్వడానికి మోకాళ్ళు పక్కకు తిప్పుకునేది. కొంగుతో కళ్ళు తుడుచుకునేది. అది చూసి చూసి నా మనసులో ఒక కథ తయారైంది. ఈమె మొగుడి కోసం మారింది, మనసంతా ఇక్కడే ఉంది, పాపం నోరు తెరిచి అడగలేకపోతోంది అని. ఆ కథ బాపుకు కూడా నచ్చింది. మా ఇంట్లో అందరికీ నచ్చింది.

ఈ ఏడు వానాకాలంలో ఆమె మంచం పట్టింది. ఒకరోజు చూడడానికి వెళ్ళి పక్కబట్టలు మారుస్తుంటే దిండు కింద జపమాల కనిపించింది. నల్ల పూసలది, అరిగిపోయింది. ఇక నాకు అనుమానమే లేకపోయింది. ఆమెను అడగలేదు, ఆమె కొడుకును అడగలేదు. మా ఫాదర్ గారిని కారులో ఎక్కించుకుని, చావు దగ్గరపడ్డవాళ్ళకు మా గుడిలో చేసే ఆఖరి అభ్యంగనానికి తైలంతో సహా కోరుట్ల తీసుకెళ్ళాను. ఎంత పుణ్యం చేస్తున్నానో అనుకున్నాను.

అత్తమ్మ ఆయనను చూసి దండం పెట్టింది. నా వైపు చూసింది. ఫాదర్ గారికి ఆ చూపు నాకంటే ముందే అర్థమైంది. మీరు రమ్మన్నారా అమ్మా అని మెల్లగా అడిగారు. ఆమె లేదని తలూపింది. ఆయన తైలం సీసా సంచీలోంచి తీయనే లేదు. చాయ్ తాగి, ఆమె బాగోగులు అడిగి, బయట కారులో కూర్చున్నారు.

అప్పుడు అత్తమ్మ నా చేయి పట్టుకుంది. "గీ జపమాల మా అమ్మది. అమ్మ గుర్తుకని దాసుకున్న. ఆమె కోసమే మీ పూజకు అచ్చేది, ఆమె కోసమే ఏడ్సేది. పెండ్లి కోసం మారిన మాట నిజమే. గని దేవుడు నాకు గీ కోరుట్లల్నే దొరికిండు. గిన్నేండ్లు నేను అబద్ధపు బతుకు బతికిన్ననుకున్నవా బిడ్డా?"

ఫాదర్ గారు ఎదురుచూస్తున్నారని వంక చెప్పి లేచాను. పిరికితనం, ఇంకేం కాదు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే నిద్రపోతోందన్నారు.

జగిత్యాల వెళ్ళి, కబురు చెప్పి, బాపును వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళ చర్చిలోనే ఆరాధన చేసి, వాళ్ళ సమాధుల తోటలోనే పూడ్చారు. బాపు లోపలికి వచ్చాడు. పాటలు రాక నిలబడి ఉన్నాడు. తిరుగు దారిలో, ఆమె నాతో అన్న మాట ఆయనకు చెప్పాను. ఊరొచ్చేదాకా కిటికీ బయటికే చూశాడు.

నవంబరు మొదట్లో మాకు ఆత్మల పండుగ. మా వాళ్ళ సమాధులన్నిటి మీద కొవ్వొత్తులు వెలిగిస్తాం. అత్తమ్మ చర్చిలో ఆ పద్ధతి లేదు. పోయినవాళ్ళ కోసం వాళ్ళు ప్రార్థన చేయరు. ఆ రోజు జగిత్యాలలో అన్నీ అయ్యాక, కోరుట్ల పోదామన్నాడు బాపు. తోటలో ఇంకా కుదురుకోని మట్టి దిబ్బ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి కొవ్వొత్తి తీశాడు. అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీయబోయి ఆగాడు.

"వద్దు. దానికి ఇష్టముండదు" అన్నాడు.

కొవ్వొత్తిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం జగిత్యాల బస్సులో మా బాపు చేతులు కట్టుకుని ఏడుస్తున్నాడు. ఆయన జేబులోంచి కొవ్వొత్తి తెల్ల ఒత్తి, వెలిగించనిది, బయటికి కనబడుతోంది.