ఆయిల్ మూత తీసి చెయ్యి పెట్టు

నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది నాలోంచి పోదు. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారు నా నోటుపుస్తకాన్ని కిటికీలోంచి విసిరేసిన రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను. ఆత్మకూరు బస్టాండు పక్కన ట్రాక్టరు విడిభాగాల అంగడి పెట్టినప్పుడు "ఆరు నెలలు నిలిస్తే గొప్ప" అన్న ఎదురంగడి ఆయనకు ఇన్నేళ్ళయినా నేను నమస్కారం పెట్టలేదు. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బంటారు. నేను జ్ఞాపకశక్తి అనుకునేవాణ్ణి.

ఆ జ్ఞాపకశక్తితోనే ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను. అతని చేతిపని చెడ్డదని పదిమంది ముందు అన్నాను. తప్పు అతని చేతిలో ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది తేలడానికి మూడేళ్ళు పట్టింది.

అతను ఉదయగిరి మనిషి. కొండ కింద సాయిబుల వీధిలో ఇల్లు. ఇంట్లో మిగతావాళ్ళంతా అడవికర్రతో గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళు. ఇతనొక్కడే ఇనుము వైపు వచ్చాడు. మా అంగడి వెనక రేకుల షెడ్డులో ఇంజన్లు బాగుచేసేవాడు. పొద్దున ఉదయగిరి బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను రేయ్ అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "మూడో సిలిండరు గొణుగుతా ఉండాది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే.

కారు పిచ్చి నాది. కోయంబత్తూరు వైపు ఒకరు ఇనపగొట్టాల చట్రం, ఫైబరు పలకలు, చక్రాల సామాను పెట్టెల్లో సర్ది పంపిస్తారని తెలిసింది. ఇంజన్ మనమే వెతుక్కోవాలి, బిగించుకోవడమూ మనమే. రెండు సీట్లు. తలుపులు ఉండవు, పైకప్పు ఉండదు. రోడ్డు మీద తిప్పడానికి అనుమతి రాదు. చెన్నై దగ్గర ఒక రేసు ట్రాక్‌లో మాత్రం మామూలు మనుషులు తమ కార్లు తోలుకోవడానికి అప్పుడప్పుడూ ఒక రోజు ఇస్తారు. ఆ ఒక్కరోజు కోసం ఇంత తిప్పలా అని అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. భాయ్ నవ్వలేదు. పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, "ఎప్పుడు మొదలుపెడదామురా?" అన్నాడు.

రెండేళ్ళు పట్టింది. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మొదలుపెట్టి, ఆఖరి బస్సు వేళ దాకా చేసేవాళ్ళం. పాత చిన్న కారు పెట్రోలు ఇంజన్ ఒకటి తెచ్చాము. దాన్ని మొత్తం విప్పి, సిలిండర్లు బోరింగు చేయించి, పిస్టన్లూ, వాటి పక్కనుంచి గాలి జారకుండా ఆపే రింగులూ కొత్తవి తనే వేశాడు. ఒక్కో రింగునూ సిలిండరులోకి దించి, దాని కొసల మధ్య సందు కొలిచి, తీసి, ఆకురాయితో ఒక్కసారి గీసి మళ్ళీ కొలిచేవాడు. నాకు విసుగొచ్చేది. "నీకు తొందరైతే టీ తాగిరా పో" అనేవాడు. గేరు కడ్డీకి పెట్టుకొమ్మని వాళ్ళ తమ్ముడు ఒక కర్ర గుబ్బ చెక్కి పంపించాడు. అది అరచేతిలో సరిగ్గా ఇమిడేది.

కొత్తగా చేసిన ఇంజన్ను మొదట మెల్లగా నడిపి మచ్చిక చేసుకోవాలి. కలిగిరి దారిలో ఒక బీడులో మూడు రోజులు తిప్పాము. పాలపిండిలాంటి దుమ్ము లేచేది. నాలుగో రోజు కారును మినీ లారీ ఎక్కించుకుని చెన్నై పోయాము.

ట్రాక్ మీద మూడు చుట్లు బాగా తిరిగాను. నాలుగో చుట్టులో పెద్ద మలుపు దాటుతుండగా వెనక తెల్లగా పొగ లేచింది. జెండా ఊపి నన్ను బయటికి పిలిచారు. ఇంజన్ మీది పలక ఎత్తి చూస్తే అంతా నూనె. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తన గొట్టంలోంచి బెత్తెడు పైకి లేచి నిలబడి ఉంది. అక్కడినుంచి చిమ్మిన నూనె వేడి సైలెన్సరు మీద పడి కాలుతోంది. అక్కడ పనిచేసే మనిషి ఒకడు వంగి చూసి, "ఏ ఊరు సార్?" అన్నాడు. చెప్పాను. "పల్లెటూరి బోరింగు సార్, అంతే. రింగులు పోయినై" అన్నాడు. పక్కన ఖరీదైన కార్లవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వారు.

భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "రేయ్, ఇంకొక్కసారి స్టార్ట్ చేస్తా. ఆయిల్ పోసే మూత తీసి ఆడ నీ చెయ్యి పెట్టు. గాలి అరచేతిని తంతే రింగులు పోయినట్టే, తప్పు నాదే. తన్నకపోతే ఇంకేదో ఉండాది."

"నువ్వే పెట్టి చూసుకో."

"నేను పెట్టి చెప్తే నువ్వు నమ్మవు. నువ్వే పెట్టు."

"రెండేళ్ళు నీ చెయ్యి పెట్టి చేసింది చూసినా గదా, ఇంక నా చెయ్యి పెట్టేదేంది?" అన్నాను. అక్కడితో ఆగలేదు. "గరిటెలు చెక్కుకునే ఇంట్లో పుట్టినోడివి. ఇంజన్ నీకెందుకు?"

అతను నా చెయ్యి వదిలేశాడు. గుడ్డ తీసుకుని సైలెన్సరు మీది నూనె తుడవడం మొదలుపెట్టాడు.

కారును మళ్ళీ లారీ ఎక్కించి బయల్దేరాము. నెల్లూరులో లారీ ఆగగానే అతను దిగి, పోయొస్తానని కూడా అనకుండా ఉదయగిరి బస్సు వైపు పోయాడు. ఆ మాట అనకపోవడం నాకు మండింది. నెల్లూరు దాటాక లారీ ఆపించి, ఆ కర్ర గుబ్బను పీకి కంపచెట్లలోకి విసిరేశాను.

ఆ తర్వాత ఒక ఆదివారం, నా అంగడి మూసి ఉన్నప్పుడు, వచ్చి తన సామాను తీసుకుపోయాడు. షెడ్డు తాళంచెవి టీ అంగడిలో ఇచ్చి పోయాడు. అది రెండో అవమానమని రాసిపెట్టుకున్నాను. మా అమ్మాయి పెళ్ళికి రాలేదు. అది మూడోది. కార్డు నేను పోయి ఇవ్వకుండా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపానన్నది అప్పుడు తట్టలేదు. ఒకసారి అనుమసముద్రంపేటకు సామాను ఇవ్వడానికి పోయాను. దర్గా ముందర పూల అంగడి దగ్గర అతను కనిపించాడు. ఎంతైనా నేనే ముందు పిలిచాను. పది అడుగుల దూరంలోంచి "భాయ్" అని మూడుసార్లు పిలిచాను. తల తిప్పకుండా పూలు తీసుకుని లోపలికి పోయాడు. అన్నిటికంటే పెద్దది అదే.

కారు మూడేళ్ళు టార్పాలిన్ పట్టా కింద ఉండింది. పోయిన ఎండాకాలంలో నెల్లూరు నుంచి ఒక మెకానిక్కును పిలిపించాను. బాగుచేసుకోవడానికి కాదు. చెడిపోయిన రింగుల్ని నా కళ్ళతో చూడాలి. అతని తప్పు నా చేతిలో పట్టుకోవాలి.

మెకానిక్కు ఇంజన్ విప్పాడు. కొలతలు తీసుకున్నాడు. కొలిచిందే మళ్ళీ కొలిచాడు.

"ఈ పని చేసినాయన యాడుండాడన్నా?"

"ఎందుకు?"

"మా షెడ్డుకు పిలుచుకపోదామని. ఇంత నీటుగా ఎవురు చేస్తన్నారు ఈ రోజుల్లో? రింగులు కొత్తవాటి మాదిరే ఉండాయి."

"మరి నూనె ఎట్టా కక్కింది?"

అతను బ్రీదర్ గొట్టాన్ని పట్టుకుని దాని వెంబడే కిందికి తడుముకుంటూ పోయాడు. ఇంజన్ నడిచేటప్పుడు పిస్టన్ల పక్కనుంచి కొంత పొగ లోపలికి జారుతుంది. అది బయటికి పోవడానికి ఆ రబ్బరు గొట్టం. ఇంజన్ ఊపిరి పీల్చి వదిలేది దాంట్లోంచే. దాని మూతి కారు అడుగున, చట్రం చాటున ఉంది. ఆ మూతి దగ్గరనుంచి నల్లటి ముద్ద ఒకటి కోసి తీశాడు. నూనె పట్టి, రాయిలాగా గట్టిపడిన గుడ్డ.

మా మెట్ట ఊళ్ళలో నూర్పిడి మిషన్లకూ బోరుబండ్లకూ అట్లా గుడ్డ కడతారు, దుమ్ము లోపలికి పోకుండా. మెల్లగా నడిచే ఇంజన్లకు దానివల్ల ఏమీ కాదు. అందుకే ఎవరూ దాని గురించి ఆలోచించరు.

"ఎవుడు సామీ ఈ మహానుభావుడు?" అన్నాడు మెకానిక్కు. "ట్రాక్ మీద ఇంజన్ అరిచేది అరిచినట్టే ఉంటాది. ఊపిరంతా నూనె తుంపరే. అది ఈ గుడ్డకు పట్టి మూసకపోయింది. లోపలి గాలి పోయే దారి లేక డిప్‌స్టిక్‌ను పైకి తన్నింది. మనిషి ముక్కూ నోరూ కట్టేసి పరిగెత్తమన్నట్టు."

ముద్ద చివర ఒక మడతలో నూనె పట్టని చోటు వేలెడంత మిగిలింది. ఆకుపచ్చ అంచు. నా తువ్వాలుది. కట్టింది రాగి తీగతో. కలిగిరి బీడులో మొదటి రోజు, అతను నీళ్ళు తాగడానికి పోయినప్పుడు నేనే కారు కిందికి దూరి కట్టాను. చెప్పాల్సిన సంగతి అనిపించక చెప్పలేదు. ఆ తర్వాత మరిచిపోయాను. ఎవరు ఏ మాటన్నదీ మరిచిపోనివాణ్ణి, నేను చేసింది మరిచిపోయాను.

మెకానిక్కు అంతకంటే లావుపాటి గొట్టం వేసి, దాన్ని పైకి తీసుకుపోయి ఒక రేకు డబ్బాకు కలిపాడు. డబ్బాలో ఇనప పీచు కూరాడు. మలుపుల్లో నూనె ఎగదన్నినా పీచుకు తగిలి డబ్బాలోనే ఆగుతుంది, గాలి ఒక్కటే పైనున్న చిన్న ఫిల్టరులోంచి బయటికి పోతుంది. మళ్ళీ చెన్నై పోయి ఇరవై చుట్లు తిప్పాను. డిప్‌స్టిక్ కదల్లేదు. డబ్బా విప్పి చూస్తే అడుగున చెంచాడు నూనె. ఆ రోజు పల్లెటూరి బోరింగు అన్న మనిషి అక్కడే ఉన్నాడు. "బండి బాగుంది సార్, ఏ ఊరు?" అన్నాడు. వాడికి నేను గుర్తు కూడా లేను.

అక్కడినుంచి నేరుగా ఉదయగిరి పోయాను, కారు లారీ మీద ఉండగానే. సాయిబుల వీధిలో అతను అరుగు మీద కూర్చుని చెంచాకు గరుకు కాగితం పడుతున్నాడు. "భాయ్" అన్నాను. తల ఎత్తలేదు. ఇది అయిదోదని లెక్కేసుకున్నాను.

లోపలనుంచి తమ్ముడు వచ్చాడు. "వినపడదన్నా ఆయనకి. మీ కారు పని చేసేటప్పుడే తగ్గతా వచ్చింది. నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు దాదాపుగా పోయింది. గెట్టిగా చెప్పాల."

నాకు అనుమసముద్రంపేట పూల అంగడి గుర్తొచ్చింది. ఆఖరి ఏడాదంతా అతను స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోలేదనీ, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడనీ అప్పుడు గుర్తొచ్చింది. ట్రాక్ దగ్గర చెయ్యి పెట్టి చూద్దామన్నది అందుకే. అప్పటికే తన చెవిని తను నమ్మడం మానేశాడు.

ఎదురుగా పోయి నిలబడ్డాను. నన్ను చూశాడు. మొహంలో ఏమీ కనపడలేదు.

"రింగులు బాగుండాయి భాయ్!" అని అరిచాను.

"ఏంది?"

"రింగులు! బాగుండాయి! ఊపిరి గొట్టానికి గుడ్డ కట్టినారు!"

"ఎవురు?"

"నేనే! నేనే కట్టినాను!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. చేట పట్టుకున్న ఒక ముసలామె "చెవుడు ఆ సాయిబుకైతే ఈయనెందుకమ్మా అట్టా అరస్తాడు" అంది. ఎవరో నవ్వారు. భాయ్ నా మొహం వైపే చూస్తున్నాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

వినపడక అడిగాడో, వినాలని అడిగాడో నాకు తెలియదు. ఇంకోసారి అరిచాను. తప్పు నాదేనని, ఆ రోజు అన్న మాట అనకూడనిదని, ఆ మాట కూడా వీధంతా వినేటట్టు చెప్పాను.

చెంచా పక్కన పెట్టి లేచాడు. కారు దించాము. స్టార్ట్ చేయమని సైగ చేశాడు. ఆయిల్ మూత తీసి అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని నా చేతిని అక్కడ పెట్టాడు. లేగదూడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టినట్టుంది. వెచ్చగా, మెత్తగా, తన్నకుండా.

"చప్పుడు ఎట్టా ఉండాదిరా?" అని అడిగాడు.

బాగుందని తలాడించాను. ఎట్లా బాగుందో చెప్పడం నాకు చేతకాలేదు. అది చెప్పగలిగినవాడు అతనొక్కడే.

మళ్ళీ షెడ్డుకు రమ్మని అరిచాను. నవ్వాడు. "ఇంజన్ మాట వినపడనోడు షెడ్డులో ఏం చేస్తాడు? ఈ కర్రకి చెవులతో పని లేదు."

మూత బిగించి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, కారులోకి తొంగి చూశాడు. గేరు కడ్డీ మీద బజారులో దొరికే ప్లాస్టిక్ గుండు ఉంది.

"గుబ్బ ఏదిరా?"

దాన్ని చెక్కిన తమ్ముడు కూడా చూస్తున్నాడు.

"పారేసినాను" అన్నాను. అది మాత్రం మెల్లగా అన్నాను. ఇంకోసారి చెప్పమని అతను అడగలేదు.