గాలి కోసం పెట్టిన చిల్లు

కృష్ణ నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉన్న రోజు చూసుకుని మరీ ఒట్టేస్తున్నాను. ఇసక తేలినప్పుడు వేసిన ఒట్లు చెల్లవంటానని నామీద ఇదివరకే ఒక అపవాదు ఉంది. నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మే నెలలో బెజవాడ రోడ్డు మీద వాలిన కాకి వాలినట్టే వేగిపోయిందని ప్రచారం చేసింది నేనే. కార్పొరేట్ కాలేజీలో తెలుగు పాఠం మానేసి పిల్లలకి కోతలు కోయడం నేర్పుతున్నానని నన్ను సాగనంపిన మాటా నిజమే. కానీ ఇది కోత కాదు, కోపం. కోపంలో నాకు అబద్ధాలు ఊరవు.

కాలేజీ వదిలాక ఇబ్రహీంపట్నంలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఒకరోజు బెజవాడలో సేవా సంఘం నడిపే ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. వారమంతా స్థలాల వ్యాపారం, ఆదివారం సేవ, అదీ ఆయన పద్ధతి.

"మాస్టారూ, బర్మా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు కొన్ని మీ వైపు బూడిద ఇటుకల యార్డులో పనికి చేరాయండి. భాష రాక నానా అవస్థ పడుతున్నారు. వారానికో పూట తెలుగు చెప్పి, కాస్త ఆస్పత్రికీ బజారుకీ తోడు వెళ్లగలరా?"

సరేనన్నాను. నా గొప్పతనం ఏమీ లేదు. నా కోతలు ఇంతకుముందు వినని మనుషులు దొరకడం ఈ వయసులో కష్టంగా ఉంది.

పాఠం ఒక మామ్మగారి వసారాలో. ఆవిడ చర్చికి తప్ప ఎక్కడికీ కదలదు, ఊళ్లో జరిగే ప్రతిదీ మాత్రం ఆవిడకి ముందే తెలుస్తుంది. పెరటి గది ఆ బర్మా వాళ్లలో ఒక జంటకి అద్దెకిచ్చింది. భర్త ఇటుకల లోడింగుకి, భార్య ఇటుకలు తడపడానికి వెళ్లేవాళ్లు. మిగతావాళ్లు యార్డు పక్క రేకుల షెడ్ల నుంచి వచ్చేవాళ్లు. అందరిలోకీ పెరటి గదిలో ఉండే ఆ భార్యే చురుకు. ముప్పై దాటి ఉండవు. దారిలో ఎక్కడెక్కడో నేర్చుకున్న ముక్కల హిందీ ఉంది ఆమెకి, సినిమాల్లో నేర్చుకున్న ముక్కల హిందీ ఉంది నాకు.

మొదటిరోజే ఆమె ఒక షరతు పెట్టింది. ఫోటో వద్దు. ఎవరు, ఎందుకు తీసినా వద్దు. తమ్ముడు ఇంకా అక్కడే దాక్కుని ఉన్నాడట. వీళ్లు ఎటు పోయారో తెలిస్తే, వెతికే సైన్యం వాళ్లు ముందు ఆ అబ్బాయి మెడ పట్టుకుంటారు. "ఫోన్ నుంచి ఫోన్‌కి, అక్కడిదాకా వెళ్తుంది" అంది, వేలితో గాల్లో గీత గీసి చూపిస్తూ. నేను మాటిచ్చాను. ఆ రాత్రే ప్రెసిడెంటు గారికి చెప్పాను. "అయ్యో, నాకు తెలీదా మాస్టారూ" అన్నారు.

వాచకాలతో పని జరగలేదు. ఇటుకలు మోసొచ్చినవాళ్లకి అంతంత చిన్న అక్షరాలు చూస్తే నిద్ర ముంచుకొచ్చేది. అప్పుడు నాకు మా ఊరి నాలుగు రోడ్లు కలిసే రింగ్ సెంటర్ గుర్తొచ్చింది. మన కృష్ణా జిల్లాలో మనిషి పుట్టినా, పెద్దమనిషైనా, వార్డు మెంబరైనా, పోయినా ఫ్లెక్సీ కడతాం. మంచమంత అక్షరాలు, పైసా ఖర్చు లేని పలక. ఆదివారం చల్లబడ్డాక అందర్నీ అక్కడికి తీసుకెళ్లి 'జన్మదిన శుభాకాంక్షలు' దగ్గర మొదలుపెట్టి 'అశ్రునివాళి' దాకా చదివించేవాణ్ణి.

మొదటి వారం ఆమె ఆ మొహాలన్నీ తేరిపార చూసి, "వీళ్లందర్నీ పోలీసులు వెతుకుతున్నారా?" అని అడిగింది. వాళ్ల ఊళ్లో రోడ్డు మీద మొహం అంటించారంటే అర్థం అదేనట. నేను అక్కడే డివైడర్ మీద కూలబడి నవ్వాను. "ఇంకా మొదలుపెట్టలేదమ్మా" అన్నాను.

పాఠం మధ్యలో నా పాత సరుకు కూడా దించేవాణ్ణి. మా తాత పడవలో నిద్రపోతే కృష్ణ ఎదురు పారి ఆయన్ని మళ్లీ రేవులో దించిందని చెబితే, ఆమె కాసేపు ఆలోచించి "అబద్ధమండీ" అంది. ఆమె సొంతంగా అన్న మొదటి తెలుగు మాట అదే. తర్వాత ప్రతి కథ చివరా అదే తీర్పు, అదే మర్యాద. ఆ 'అండీ' విని మామ్మగారు మురిసిపోయేది. "నా కోడలు ముప్పయ్యేళ్లయినా నేర్చుకోలేదు ఆ మాట" అనేది.

ఇంకో సంగతి కూడా ఆవిడకి నచ్చింది. మామ్మగారు టీ గ్లాసు ఇస్తే ఆమె కుడిచెయ్యి చాచి, ఎడమచేతిని కుడి మోచేతి కింద ఆనించి అందుకునేది. పెద్దవాళ్ల దగ్గర ఏది తీసుకున్నా అలాగే తీసుకోవాలట వాళ్ల దేశంలో. "చూసి నేర్చుకో అబ్బాయ్, గ్లాసు లాక్కుపోతావు నువ్వు" అని నన్ను దెప్పేది.

నేను నేర్పినవాటిలో ఒక దిక్కుమాలిన మాట ఉంది. ధన్యవాదాలు. మనలో ఎవడన్నా ఎవడికన్నా చెబుతాడా అది? మైకు ముందు తప్ప ఆ మాట మన నోట పలకదు. సాయం చేసినవాడికి ఓ నవ్వు నవ్వుతాం, మళ్లీ కనపడితే టీ తాగిస్తాం. కానీ తెలుగు మాస్టారుగా పుట్టినవాడు అది నేర్పకుండా ఉండలేడు.

రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ప్రెసిడెంటు గారు రెండు కార్లలో దిగారు. బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు.

"ఈ ఎండల్లో దుప్పట్లేంటండీ?" అన్నాను.

"స్టాకు మిగిలింది మాస్టారూ. చలికాలం రాకుండా పోతుందా?"

"తడిపి కిటికీలకి కట్టుకోండమ్మా, చల్లగా ఉంటుంది" అంది మామ్మగారు, ఆయనకి వినపడేలా.

కారు వెనక నుంచి కెమెరా మెడలో వేసుకుని ఒకాయన దిగాడు. నేను అడ్డం వెళ్లాను. "మొహాలు పడకూడదని చెప్పాను కదండీ."

"వెనకనుంచే తీయిస్తాను మాస్టారూ. మీరు మరీ భయపెట్టకండి."

ఆ కెమెరా ఆయన ఆమెకి ఎదురుగానే నిలబడ్డాడు. వెనకనుంచి తీస్తే ప్రెసిడెంటు గారి మొహం పడుతుంది గానీ నవ్వు సరిగ్గా రాదట. ఆమె చున్నీ మొహం మీదికి లాక్కుని కొసని పళ్లతో బిగించి పట్టుకుంది. ప్రెసిడెంటు గారు పొట్లం ఇచ్చారు. ఆమె తీసుకుంది. "ఫోకస్ కుదర్లేదు సార్" అన్నాడు కెమెరా ఆయన. ప్రెసిడెంటు గారు ఇచ్చిన పొట్లం వెనక్కి తీసుకున్నారు. నా కళ్లతో చూశాను. తినమని ఇచ్చిన అన్నాన్ని ఆడమనిషి చేతిలోంచి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఆమె మళ్లీ కుడిచెయ్యి చాచింది, ఎడమచెయ్యి మోచేతి కింద పెట్టింది. ఇక చున్నీకి పళ్లే ఆధారం.

"ఏదన్నా అనమ్మా, బాగుంటుంది" అన్నారాయన.

ఆమె నోరు తెరిచి, నేను నేర్పిన మాట నేను నేర్పినట్టే అంది. చున్నీ జారింది. కెమెరా టకటకా కొట్టుకుంది.

వెంటనే అడ్డంపడ్డాను. "అది తీసేయించండి." "మొహం మసకగా చేయిస్తాను, ఫ్లెక్సీ షాపువాడు చూసుకుంటాడు లెండి" అన్నారు. ఫ్లెక్సీ అన్న మాట అప్పుడే నా చెవిన పడింది.

తర్వాతి ఆదివారం పాఠానికి సెంటర్‌కి వెళ్లాం. ఎప్పుడూ ఉండే వార్డు మెంబరు ఫ్లెక్సీ లేదు. ఆ జాగాలో ప్రెసిడెంటు గారు పొట్లం అందిస్తున్నారు, పక్కన చేటంత ఆమె మొహం. మసకా లేదు, మన్నూ లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. అప్పటికే ఆమె చదవడం మొదలుపెట్టింది.

"శ... ర... ణార్థుల... కన్నీరు... తుడిచిన... చేతులు."

ఎవరూ అందించకుండా ఆమె చదివిన మొదటి వాక్యం. తప్పు లేకుండా చదివింది. మాస్టారన్నవాడు ఎగిరి గంతెయ్యాల్సిన క్షణం అది. అందరూ నావైపు చూస్తున్నారు. ఆమె మాత్రం ఫ్లెక్సీనే చూస్తూ అంది, "ఇప్పుడు నన్నా వెతికేది?"

అక్కణ్నుంచే ఫోన్ చేశాను.

"మొహం లేకపోతే దాతలు ఎలా నమ్ముతారు మాస్టారూ? మంచిపని నలుగురి కంటా పడాలి కదండీ."

"ఆవిడ తమ్ముడి ప్రాణం మీదికొస్తుందండీ."

"బర్మాలో ఎవరు చూస్తారండీ ఇబ్రహీంపట్నం ఫ్లెక్సీని?"

"మీ వాట్సాప్ స్టేటస్ చూడరా?"

"అది నిన్ననే డిలీట్ చేశా కదా." అంటే పెట్టారన్నమాట. అంటే ఎవరెవరో దాన్ని ఎక్కడెక్కడికో తోసేశారన్నమాట.

నిజం పనిచెయ్యలేదు కాబట్టి నాకు వచ్చిన విద్య ప్రయోగించాను. "దక్షిణం చూసే ఫ్లెక్సీ స్థలాల వ్యాపారానికి అరిష్టమండీ, మీ కొత్త వెంచర్ అమ్ముడుపోదు" అన్నాను. ఆయన గొంతు కొంచెం తడబడింది. మర్నాడు పొద్దున మనిషిని పంపారు, ఫ్లెక్సీ విప్పడానికి కాదు, కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టడానికి.

నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. దొంగ మీద ఇంత కోపం రాదు, దొంగకి కనీసం తాను చేసేది తెలుసు. ఈయన ఆ రాత్రి కూడా పుణ్యం చేశాననే నిద్రపోయుంటాడు.

ఆ మధ్యాహ్నం పన్నెండు దాటాక, రోడ్డు మీద ఆటోలు తప్ప పురుగు లేని వేళ, సంచిలో కత్తి వేసుకుని సెంటర్‌కి వెళ్లాను. డివైడర్ ఎక్కి, ఫ్లెక్సీ కట్టిన సరుగుడు కర్ర పట్టుకుని పైకి పాకాను. ఆమె మొహం వరకూ నాలుగు పక్కలా కోశాను. ట్రాఫిక్ కానిస్టేబులు నీడలోంచి కేకేశాడు.

"ఏంటది, ఏం చేస్తున్నారక్కడ?"

"గాలికండీ."

ఫ్లెక్సీలకి చిల్లులు పెట్టడం మనకి కొత్త కాదు. గాలి పోయే దారి లేకపోతే ఒక్క గాలివానకి కర్రలతో సహా లేచిపోతాయి. ఆయన సరేనన్నట్టు తలూపి మళ్లీ నీడలోకి వెళ్లాడు. ఆ ముక్క చుట్టి చంకలో పెట్టుకుని దిగాను. మామ్మగారి పెరట్లో దాన్ని తగలబెట్టాం. వీధంతా కంపు కొట్టింది.

"ఫోన్లలో ఉన్నది?" అంది ఆమె, మంట ఆరిపోయాక.

ఆ వారంలోనే గది ఖాళీ చేశారు. ఎటు వెళ్లారో నాకు తెలుసు, చెప్పను. తాళంచెవి మామ్మగారికి ఇచ్చేటప్పుడు కూడా ఎడమచెయ్యి మోచేతి కిందే ఉంది. మామ్మగారు తీసుకోకుండా చాలాసేపు అలాగే నిలబడింది. దుప్పట్లు గదిలో వచ్చిన మడతల్లోనే వదిలేశారు, కట్టు కూడా విప్పలేదు. ఆటో ఎక్కేముందు నేను ఏదో ఒకటి అనాలని, "తమ్ముడికి ఏం కాదమ్మా, చూస్తూ ఉండండి" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. కోపంగా లేదు.

"అబద్ధమండీ" అంది.

ఇదంతా రాసి మొన్న మామ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, చివర్న ఒకటే అడిగింది. "ఏవయ్యా, ఆ పొట్ట వేసుకుని కర్ర ఎప్పుడెక్కావు నువ్వు?"

"కథకి బాగుంటుందని..."

"కృష్ణ నీళ్ల మీద ఒట్టేశావు. కొట్టేసి నిజం రాయి."

కొట్టెయ్యను, కానీ చెబుతాను. ఆ ఒక్కటే కల్పన. కర్ర ఎక్కింది నేను కాదు. ఆ వేళకి నేను ఎదురుగా టీ కొట్టులో కూర్చుని, ప్రెసిడెంటు గారిని ఎలా కడిగెయ్యాలో టీ కొట్టాయనకి ఆవేశంగా వివరిస్తున్నాను. ఆమె యార్డు నుంచి నేరుగా వచ్చింది. మోచేతుల దాకా బూడిద. చేతిలో సిమెంటు బస్తాల మూతులు కోసే కత్తి. నేను గ్లాసు కింద పెట్టేలోపే పైకెక్కేసింది. 'గాలికండీ' అన్నది కూడా ఆమే. నా దగ్గర చదువుకున్నాక ఆమె ఆడిన మొదటి తెలుగు అబద్ధం అది. నేను ఇన్నేళ్లలో ఆడినవన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే.

తన మొహం వరకే కోసుకుంది. ఆయన్ని ముట్టుకోలేదు.

తర్వాత ప్రెసిడెంటు గారే ఫోన్ చేశారు. "గాలికి చిల్లు పెట్టించారట కదా మాస్టారూ, మంచి పని చేశారు. మొన్నటి గాలికి మిగతావన్నీ లేచిపోయాయి, మనదొక్కటే నిలబడింది."

ఇంకా అక్కడే ఉంది, వెళ్లి చూడండి. చిల్లులోంచి వెనక థర్మల్ కరెంటు స్టేషన్ పొగగొట్టాలు కనపడతాయి. ఆయన నవ్వుతూ ఆ పొగకి బిర్యానీ పొట్లం అందిస్తూ ఉంటారు.