గుండం దగ్గర మద్దిలేటి మామ

ఆదోనిలో మా ఇంటి ముందు ఇస్త్రీ బండి ఆగి, గంజి పెట్టిన చీర మీద వేడి పెట్టె ఆనగానే లేచే ఆ పుల్లటి వాసనకు, ఎమ్మిగనూరులో మా వీధి, ఆ వీధి పొడవునా గంజి పట్టించి ఆరబెట్టిన పడుగు నూలు, దాని కింద నాతో పాటు దూరి దాక్కునే మద్దిలేటి మామ గుర్తొస్తాడు.

మామ మా పక్కింట్లో మగ్గం నేసేవాడు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు, పిల్లను ఎవరిస్తారు? ఆరేళ్ళ నాతో గోలీలాడి, ఓడిపోతే అలిగి అన్నం మానేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి జానెడు నేశాడో లేదో, నేను గుమ్మంలో కనబడితే లేచి వచ్చేసేవాడు. "మీసాలొచ్చినాయి గానీ బుద్ది రాలేదప్పా వీనికి" అని తిడుతూనే వాళ్ళమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో ఉగ్గాని పెట్టేది, మిగిలిన ఒక్క బజ్జీ కోసం మేం కొట్టుకునేవాళ్ళం.

ఆ ఏడు పీర్ల పండగ సాయంత్రం మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని చావిడికి తీసుకుపోయాడు. నిప్పుల గుండం చుట్టూ జనం ఎగురుతున్నారు. డప్పు వినగానే మామ కాళ్ళు నిలవలేదు. నన్నొక అరుగు మీద దించి, "ఈడే కూసో పాపా, యాడికీ పోవాకు" అని గుంపులో కలిసిపోయాడు. కూర్చున్నాను కూడా. అంతలో మా అమ్మకు గాజులు తొడిగే ఖాజాబీ మలీద గిన్నెతో పోతూ పిలిస్తే, ఆ బెల్లం వాసన వెంట వాళ్ళింటికి పోయి, రెండు ముద్దలు తిని, అక్కడే నిద్రపోయాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా మామ. ఒంటినిండా బూడిద, గొంతు పోయింది. వీధులన్నీ వెతికి, చివరికి గుండంలోకి కూడా తొంగి చూశాడట. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని నాకు తెలియదు.

మర్నాటి నుంచి మామ మగ్గం వదలలేదు. గోలీలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "పనుంది, పో పాపా" అన్నాడు. మలీద తిన్నందుకా? చెప్పకుండా పోయినందుకా? ఎంత ఏడ్చినా నాకు అర్థం కాలేదు. ఏడాది తిరక్కుండా మామకు పెళ్ళయింది. మద్దిలేటి బాగుపడ్డాడని వీధంతా సంతోషించింది. నాకు మాత్రం ఆడుకునే తోడు పోయింది, బాగుపడటమంటే ఇదేనా అని దిగులేసింది.

మొన్న పీర్ల పండగకు నా కూతురితో ఎమ్మిగనూరు వెళ్ళాను. వీధిలో పడుగు లేదు, మగ్గాల చప్పుడూ లేదు. గుండం దగ్గర తల నెరిసిన మామ కనిపించి, పలకరింపైనా పూర్తికాకముందే పాప చెయ్యి పట్టుకున్నాడు. డప్పు మోగింది. ఆయన పాదాలు ఉన్నచోటే లయగా కదిలాయి. పాపను పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఇడుసు తాతా, నొప్పి" అంది పాప.

"ఇడ్సనమ్మా" అన్నాడు మామ, నిప్పుల వైపు చూస్తూనే.

గోలీలు పట్టుకుని గుమ్మంలో ఏడ్చిన ఆ ఆరేళ్ళ పిల్లకు ఎవరైనా అప్పుడే ఈ చెయ్యి చూపించి ఉంటే బాగుండేది.