తాతయ్య చెప్పిన జపాను సినిమా

“కట్టుబాటు తప్పినవు బిడ్డా. పెద్దకర్మ కాకముందే మగ్గం మీద కూసున్నవు.”

“పిల్ల ఒళ్లు కాలిపోతాంది పెద్దయ్యా. ఈ జంపఖానా దింపి ఇస్తెనే షావుకారి మళ్ల నూలిస్తడు. అన్ని దినాలు దీనికేం పెట్టాలె, నేనేం తినాలె?”

నా చిన్నప్పుడు, మూడో తరగతితో నా బడి మానిపించిన ఏడాది, మా ఇంటి ముందర జరిగిన తగాదా ఇది. మొదటి మాట మా తాతయ్యది, జవాబు పక్కింటి అక్కది. వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ మాది. తాతయ్య కులపెద్ద. కులంలో పెద్దవాళ్లెవరైనా పోతే, పదకొండో రోజు కర్మ అయ్యేదాకా వాడలో ఏ మగ్గమూ ఆడకూడదు. తప్పితే వెలి. వెలి అంటే నూలు దొరకదు, నల్లా దగ్గర బిందె పెట్టనివ్వరు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. ఆ తగాదాకు కొద్ది రోజుల ముందే వాడలో ఒక పెద్దాయన పోయాడు.

అక్కకు మగడు లేడు. ఏడాది నిండని పిల్ల, ఒక మగ్గం, అంతే ఆమె ఆస్తి. పిల్లకు జ్వరం పట్టుకుని దిగకపోయేసరికి, నూలును దెబ్బకొట్టే ఇనుప పంజాకు పాత చీరగుడ్డ చుట్టి, చప్పుడు బయటికి రాకుండా అయిదో రోజున నేసింది. గుడ్డ చుట్టినా దెబ్బ దెబ్బే. గోడ అదిరింది. ఆ గోడకు ఇవతల ఉన్నది మేమే.

ఇందులో జపాను సినిమా సంగతి చెప్పాలి. ఆ తగాదాకు నెల ముందర ఒక కాలేజీ వాళ్లు మైదానంలో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు. జనం కూర్చోవడానికి జంపఖానాలు మావే. వాటిని మళ్లీ లెక్కగా ఇంటికి తెచ్చుకోవాలి గనుక తాతయ్య అక్కడే ఉండిపోయాడు, నన్నూ ఉంచాడు. నలుపు తెలుపు బొమ్మ. నడుముకు కత్తులు కట్టుకున్న మనుషులు. పరువుకు పేరుపడ్డ ఒక పెద్ద ఇల్లు. గతిలేక ఆ గడప తొక్కిన ఒక పేదవాణ్ణి, మర్యాద పేరు చెప్పి, ఆ ఇంటివాళ్లు చావు దాకా నడిపిస్తారు. నీకేం కష్టం వచ్చిందని ఒక్కరూ అడగరు. పక్కన కూర్చున్న చదువుకున్నాయన బొమ్మ కింద పడే ఇంగ్లీషు చదివి మాట మాటకూ అర్థం చెబుతుంటే తాతయ్య తువాలతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. మా తాతయ్య ఏడవడం నేను చూసింది అదే మొదలు.

జంపఖానాలు మోసుకుని ఇంటికి వస్తూ, “ఎదుటోని కడుపు చూసినంకనే కట్టుబాటు చూడాలె బిడ్డా. అట్ల చూడనోని మర్యాద ఒట్టి వేషం” అన్నాడు. ఆ మాట నేను బడి పాఠం కన్నా గట్టిగా పట్టుకున్నాను. నెల రోజులు వాడంతా ఆయన నోట ఆ కథే విన్నది. పక్కింటి అక్క పిల్లను ఒళ్లో వేసుకుని ముందు వరసలో కూర్చునేది. జబ్బుపడ్డ పసిబిడ్డతో ఇంట్లో ఎదురుచూసే ఆ పేదవాడి ఇల్లాలి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చెప్పమని అడిగేది.

అందుకే ఆ రోజు ఆమె ఆ మాటే ఎత్తింది. “ఆ జపానోళ్ల కథ చెప్పి మమ్ముల ఏడిపిచ్చింది నువ్వే గద పెద్దయ్యా?”

“అది సినిమా” అన్నాడు తాతయ్య.

కూడినవాళ్లలో ఎవరో, “సినిమా కథలు వినుకుంట వినుకుంట ఆడోళ్లకు నోర్లు లేసినయి” అన్నారు. కొందరు నవ్వారు. అక్క నవ్వులను పట్టించుకోలేదు. “మరి మీ ఇంట్ల తలుపేసుకొని కండెలు చుడుతలేరా? రాట్నం చప్పుడు నాకు ఇనవడ్తలేదా? ఈ పిల్లనే అడుగుండ్రి” అంది.

అందరూ నావైపు తిరిగారు.

అక్క చెప్పింది నిజం. చావు అయిన రెండో రోజు నుంచే మా నాయనమ్మా నేనూ వెనక గదిలో కూర్చుని మగ్గానికి కావలసిన నూలు రాట్నం మీద కండెలు చుడుతున్నాం. కర్మ అయిన మర్నాడు వాడలో అందరికన్నా ముందు మా మగ్గం ఆడాలని. రాట్నం మగ్గం కాదు గనుక తప్పులేదని తాతయ్య మాకు చెప్పాడు. నూలు కోసి నా వేలు పగిలింది. ఆ వేలును గుప్పిట్లో దాచుకుని తాతయ్య మొహం చూశాను. కోపంగా చూసి ఉంటే నిజమే చెప్పేదాన్నేమో. ఆయన నన్ను బతిమాలుతున్నట్టు చూశాడు.

“మేం చుట్టలేదు” అన్నాను.

అక్క పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. తాతయ్య ఆమెను వెలి వేశాడు.

మొన్న మా మనవరాలు ఫోనులో పాత జపాను సినిమా పెట్టింది. కొద్దిసేపు చూసేసరికి అదేనని తెలిసింది. కరెంటు దండగ అని లైటు ఆర్పించి ఇద్దరం చూశాం. “ఆ ఇంటోళ్లు ఎంత చెడ్డోళ్లో చూడు అమ్మమ్మా” అంటూ అది కళ్లు తుడుచుకుంది. నేను ఆ ఇంటి పెద్దను చూడలేదు. అతని వెనక వరసగా కూర్చుని, అంతా ఎరిగీ నోరు మెదపని వాళ్ల మొహాలే చూశాను. కన్నీళ్లకు ఖర్చు లేదు గనుక మనుషులు ధారాళంగా పోస్తారు. కథ విని ఏడ్చేవాళ్లను నేను నమ్మను. నన్ను కూడా నమ్ముకోను. ఆ రోజు నాకు అబ్బిన చదువు అదే. దాన్ని మరిచిపోదామని ఇన్నేళ్లు చూశాను, నా వల్ల కాలేదు.

వెలి వేసిన మర్నాడు తెల్లవారేసరికి పక్కింటి తలుపు బార్లా తీసి ఉంది. అక్కా పిల్లా లేరు. తాతయ్య పేడనీళ్ల బకెట్టు నా చేతికిచ్చి, పాడుబడ్డట్టు కనబడొద్దని వాళ్ల వాకిట్లో కూడా చల్లమన్నాడు. ఎవరైనా అడిగితే తల్లిగారింటికి పోయిందని చెప్పమన్నాడు. ఆమెకు తల్లిగారిల్లు లేదని వాడంతా ఎరుగును. నేను నీళ్లు చల్లాను. అడిగినవాళ్లకు అలాగే చెప్పాను.